కాలువ పనికి వచ్చిన నేతవీధి

నూరు రోజుల పని, అదే ఉపాధి హామీ పథకం, దాని వల్ల దేశం బాగుపడిందా చెడిందా అని నన్ను అడగని మనిషి తిరుత్తణిలో తక్కువ. మంగలి షాపులో అడుగుతారు. పెళ్ళి భోజనాల దగ్గర, ఆకులో పాయసం అటూ ఇటూ పారిపోతుంటే, దాన్ని ఆపనీకుండా అడుగుతారు. ఒకసారి పంటి డాక్టరు నన్ను నోరు తెరవమని, ఇనుప సామాను లోపల పెట్టినాక అడిగినాడు. అడిగేవాళ్ళందరికీ జవాబు ముందే తెలుసు కాబట్టి నాకు పెద్దగా ఇబ్బంది కలగలేదు.

నేను పంచాయతీ యూనియన్, అంటే బ్లాకు ఆఫీసులో ఓవర్సీరుగా పనిచేసి రిటైరైనాను. ఊళ్ళలో జనం తవ్విన మట్టిని టేపు పెట్టి కొలవడం, సరిగా ఉందని సంతకం పెట్టడం, ఎందుకు పెట్టినావని అడిగినవాళ్ళకు చెప్పుకోవడం, ఇదీ నా ఉద్యోగం. ఈ మధ్య మా మేనల్లుడు ఒకడు ఇదే ఉద్యోగంలో చేరినాడు. "మామా, పని ఎట్లుంటుందో రాసియ్యి" అన్నాడు. వాడికి తమిళం చదవడం వచ్చినంత బాగా తెలుగు రాదు, కూడబలుక్కుంటూ చదువుతాడు. మంచిదే. మట్టి కొలిచే ఉద్యోగంలో తొందరపడి బాగుపడినవాణ్ణి నేను చూడలేదు.

ప్రమోషన్ల సంగతి రాయను. ఆఫీసు కాగితాల సంగతి వాడికి ఆఫీసే నేర్పుతుంది, వద్దన్నా నేర్పుతుంది. పథకానికి పేరు మారచ్చు, రోజులు మారచ్చు. పార పట్టుకుని ఎండలో నిలబడిన మనిషి మారడు కాబట్టి ఆ మనిషి గురించే రాస్తాను.

దిమ్మెకు టోపీ

మట్టి పనిలో తవ్వే చోట నడుమ ఒక దిమ్మెను తవ్వకుండా వదిలేస్తాము. ముందు నేల ఎంత ఎత్తుండేదో ఆ దిమ్మె చెబుతుంది. దాని తల నుంచి గుంత అడుగుకు టేపు వదిలితే ఎంత లోతు తవ్వినారో తెలుస్తుంది. అందుకే దిమ్మె మీద ఎవరూ చెయ్యి వేయకూడదు.

నేను చేరిన కొత్తలో తిరువాలంగాడు పక్కన ఒక కాలువ పని కొలవడానికి మా ఇంజనీరుతో పోయినాను. ఆయన పెద్దగా మాట్లాడడు. దిమ్మె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, చెప్పు కొనతో దాని తలను మెల్లగా తోసినాడు. పైనున్న మట్టి, గడ్డితో సహా, టోపీ ఊడినట్టు ఊడి కింద పడింది. దిమ్మె ఎత్తు పెంచితే గుంత లోతు పెరిగినట్టు కనబడుతుంది కదా, ఎవరో పక్క పొలం నుంచి గడ్డిపెళ్ళ తెచ్చి అంటించినారు.

గుంపు మేస్త్రీ తల గోక్కున్నాడు. "వాన పడింది సార్. పెరిగినట్టుంది."

"అట్లయితే ఇంకో వాన పడనీ," అన్నాడు ఇంజనీరు. "మేఘం దాకా కొలుద్దాము."

కేకలు లేవు, బెదిరింపు లేదు. ఉన్నదానికి కొలిచి, ఉన్నదానికి రాసినాడు. జీపులో నాతో అన్నాడు: "ఆ టోపీ ఎవరు పెట్టినారో కనుక్కో. గడ్డి వాడకుండా నీళ్ళు కూడా చల్లినాడు. అంత శ్రద్ధ గలవాణ్ణి వదులుకోకూడదు. వచ్చే పనికి వాణ్ణే మేస్త్రీగా పెట్టు."

పెట్టినాను. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఒక్క దిమ్మె కూడా పెరగలేదు.

మేకల సంక్షేమం

అన్నీ మంచివే జరిగినాయని చెబితే మేనల్లుడు నన్ను నమ్మడు. పాండూరు దగ్గర రోడ్డు పక్కన చెట్లు నాటమని ఒకసారి ఆర్డరు వచ్చింది. చెట్లు నాటడం మంచిదే. ఆర్డరు మాత్రం నడి వేసవి కత్తిరి ఎండల్లో వచ్చింది. ఎండాకాలం పోయినాక నాటుదామని ఒకరిద్దరం అన్నాము. ఆర్డరుకు ఎండ తగలదు కాబట్టి దానికి మా మాట అర్థం కాలేదు. గుంతలు తవ్వినారు, మొక్కలు నాటినారు, బిందెలతో నీళ్ళు మోసినారు. ఆ చుట్టుపక్కల మేకలు ఆ ఏడు మంచి కండ పట్టినాయి.

అయినా ఒక మాట. ఆ గుంతలు తవ్విన ఆడవాళ్ళు ఆ నెల ఎవరి చేలోనూ, ఎవరు విసిరేసిన కూలికీ పోలేదు. ఒక రైతు నన్ను నిలబెట్టి అడిగినాడు: "నీ పథకం వల్ల నాకు కూలోళ్ళు దొరకడం లేదయ్యా." నేను "కూలి కొంచెం పెంచి చూడండి" అన్నాను. ఆయన నన్ను కమ్యూనిస్టు అన్నాడు. ఆయన్ను చూసి నేను నవ్వినాను గానీ, పథకం చేసిన మేలు ఆరోజే నాకు మొదటిసారి కంటికి కనబడింది. మొక్కలు చచ్చిపోయినాయి. కూలి పెరిగింది.

మామగారికి ట్రైనింగు

ఇప్పుడు అసలు సంగతి. నా సర్వీసు ఆఖరులో, తిరుత్తణికి పడమటగా ఒక ఊళ్ళో చెరువుకు నీళ్ళు తెచ్చే వరవు కాలువ పూడిక తీయిస్తున్నాము. ఆ ఊళ్ళో రెండు రకాల మనుషులు పనికి వచ్చినారు. పాతవాళ్ళు కూలి చేసి బతికే ఇళ్ళవాళ్ళు. వాళ్ళకు పెద్ద దిక్కు ఎస్తేరు. ఆమె నోటికి, పారకు సమానమైన పదును. కొత్తవాళ్ళు నేతవీధి ఆడవాళ్ళు. చేనేతకు గిరాకీ తగ్గి, మగవాళ్ళు పవర్‌లూమ్ షెడ్డుల్లో కూలికి పోతుంటే, ఇంట్లో సగం మగ్గాలు ఖాళీగా ఉన్నాయి. ఆ వీధి ఆడవాళ్ళు పుట్టినప్పటి నుంచి పని చేస్తానే ఉన్నారు గానీ గడప దాటి చేసింది లేదు.

వాళ్ళలో ముందు వచ్చింది కుమారి. నలభై దగ్గర ఉంటుంది. మొదటి రోజు గడ్డపార పట్టుకున్న తీరు చూసి ఎస్తేరు గట్టు మీద కూలబడి నవ్వింది.

"ఏమక్కా, అది గడ్డపార. దారం తెగిపోతుందని భయమా?"

"తెగితే అతుక్కుంటాను లే," అన్నది కుమారి. "నీ పని నువ్వు చూడు."

వారం తిరిగేసరికి కుమారి చేతులు పొక్కి, పగిలి, గట్టిపడినాయి. నేతవీధి వాళ్ళు మొదట్లో తాగే నీళ్ళు ఇంటి నుంచి వేరే తెచ్చుకునేవాళ్ళు. అది ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఒక మధ్యాహ్నం వాళ్ళ బిందె అయిపోయింది. ఎస్తేరు తన బిందె అక్కడ పెట్టి, పక్కకు పోయి పడుకుంది. దాహం ఎండలో పెద్ద సంఘ సంస్కర్త. మర్నాటి నుంచి ఒకటే బిందె. ఈ సంగతి ఏ రిపోర్టులోనూ రాలేదు. రిపోర్టులో దానికి గడి లేదు.

ఒకరోజు నేను టేపు పట్టుకుని ఉంటే, రెండో కొన కుమారి పట్టుకుని మెల్లగా చెప్పింది: "సార్, తిరువళ్ళూరు పక్క నుంచి ఫ్యాక్టరీ వ్యాను మెయిన్ రోడ్డు దాకా వస్తాండాది గదా. దాంట్లో పోవాలని వుండాది నాకు. ఏడాదంతా పని, పీఎఫ్ కూడా."

"పోవచ్చు కదమ్మా, ఈ ఎండలో ఎందుకు?"

"ఏం జెప్పేది సార్. మా మామ వుండాడు గదా. మా వీధిలో ఆడోళ్ళు యాడికీ పోయింది లేదు. ఒకేసారి వ్యాను అంటే ఆయన తట్టుకోలేడు. అందుకే ముందు కాలువకు వచ్చినాను. నేను పొద్దున పోయి మళ్ళా ఇంటికే వస్తానని ఆయన రోజూ చూడాల. అలవాటు కావాల."

"ఒప్పుకున్నాడా మరి?"

"ఒక మాట మీద ఒప్పుకున్నాడు. పేరు చెడితే ఆరోజే ఆఖరు అన్నాడు."

నిరుద్యోగులకు ట్రైనింగు ఇవ్వాలని ప్రభుత్వం చాలా తరగతులు పెట్టింది. కుట్టు నేర్పినారు, కంప్యూటరు నేర్పినారు, ఇంటర్వ్యూలో ఎట్లా కూర్చోవాలో నేర్పినారు. మామగార్లకు ట్రైనింగు ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. కుమారి ఆ కాలువను అందుకు వాడుకుంటున్నది.

కుమారి కాని కుమారి

మా బీడీఓ మేడమ్ మదురై పక్క మనిషి. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది తమిళమే. చెప్పకుండా వచ్చి తనిఖీ చేస్తుంది. ఆమె జీపు దుమ్ము కనబడితే పంచాయతీ క్లర్కులకు దైవభక్తి పెరిగేది. ఆ పొద్దున వచ్చి, ఫోన్లో తీసిన హాజరు పట్టీ ఫోటో చూస్తూ ఒక్కొక్క పేరూ పిలిచింది.

"కుమారి."

ఒకామె చెయ్యి ఎత్తింది. మేడమ్ ఫోను దించి ఆమెను చూసింది. "నువ్వు కుమారివి కాదే. నీడకు పందిరి వేయలేదని పోయినవారం నాతో పోట్లాడింది కుమారి. నేను మరిచిపోను."

"నేను సులోచన మేడమ్. కుమారక్క తోడికోడల్ని. అక్క ఇంట్లో వుండాది, పడుగు వుండాది ఈపొద్దు."

"నీ పేరు ఈ వారం హాజరులో లేదు కదా?"

"లేదు మేడమ్. అక్కది వుండాది గదా."

మేడమ్ చుట్టూ చూసింది. "ఇట్లా ఒకరికి బదులు ఒకరు ఇంకెవరైనా వచ్చినారా?"

నేతవీధి వాళ్ళలో సగం మంది చేతులెత్తినారు. బడిలో కూడా అంత క్రమంగా ఎత్తరు. ఒకామె పక్కామె కొంగు లాగి, నువ్వూ ఎత్తు అని గుర్తుచేసింది.

ఇది ఆళ్ మారాట్టం, ఒకరి పేరున ఇంకొకరు వచ్చి నిలబడడం. మా లెక్కలో పెద్ద నేరం. పేర్లు కొట్టేయాలి, గ్రామసభలో చదవాలి. కుమారి పేరు మైకులో ఆ విధంగా వినబడితే వాళ్ళ మామ ఏమంటాడో నాకు తెలుసు. కాలువ పోతుంది, వ్యాను పోతుంది. నేను మేడమ్‌కు ఏదో చెప్పబోయినాను. నాకంటే ముందు ఎవరో పరిగెత్తి కబురు చేసినట్టున్నారు, కుమారి గంజి చేతులతోనే వచ్చేసింది.

"మేడమ్, తప్పేముంది? పని కార్డు మా ఇంటి పేరున వుండాది గదా. ఇంటికి పని ఇచ్చినారు, ఇంటి మనిషి వచ్చింది."

"ఇంటికి కార్డు. పని మనిషికి," అన్నది మేడమ్.

"అదెట్లా మేడమ్? మగ్గం మీద పొద్దున నేను కూసుంటాను, మధ్యాహ్నం ఇది కూసుంటుంది, నాకు జొరమొస్తే మా ఆయన కూసుంటాడు. చీర దిగినాక ఎవురు నేసినారని ఎవురన్నా అడుగుతారా? ఆ ఇంటి చీర అంటారు."

ఎస్తేరుకు ఇక ఊరుకోవడం కుదరలేదు. "మేడమ్, పని మాత్రం మోసం లేదు. ఇది కుమారక్క కంటే బాగా తవ్వుతాది. మీరు ఎప్పటికీ దీన్నే వుంచుకుంటే మాకు మేలు."

"నువ్వు నాకు మంచి చెప్తాండావా చెడ్డ చెప్తాండావా?" అన్నది కుమారి.

మేడమ్ నవ్వలేదు. నా వైపు తిరిగి అడిగింది: "పడుగు అంటే ఏమిటి? ఆ ఒక్కరోజు ఆపుకోలేరా?"

నాకు తెలిసినంత చెప్పినాను. చెప్పినదాన్ని నమ్మకుండా తానే పోయి చూడడం ఆమెకున్న మంచి అలవాటు. "సరి, పోదాం" అన్నది.

కర్ర వదలకూడదు

నేతవీధి నడుమ, ఈ కొస నుంచి ఆ కొసకు, పడుగు సాచి ఉంది. నేయబోయే చీరల నిలువు దారాలన్నీ గాలిలో పరిచిన వంతెన మాదిరి. రెండు పక్కలా ఆడా మగా కుంచెలతో గంజి రాస్తూ, ఆరేలోగా చిక్కు విడదీస్తూ పోతున్నారు. ఎండ ఎక్కితే గంజి బిగుసుకుపోతుంది, దారాలు అంటుకుంటాయి. ఒక ఇంటి మనుషులకు చాలే పని కాదు. అందుకే ఒకరి పడుగుకు వీధి అంతా వస్తుంది. కూలి లేదు. నువ్వు నాకు రాకపోతే నేను నీకు రాను. అంతే చట్టం.

"ఇది మీ పడుగేనా?" మేడమ్ కుమారిని అడిగింది.

"కాదు మేడమ్, ఎదురింటోళ్ళది. మాది వచ్చేవారం."

ఆ మాట మేడమ్‌ను కొంచెం ఆపినట్టుంది. ఇంతలో పడుగు కొసన కర్ర పట్టుకున్న ముసలాయనకు దగ్గు తెర వచ్చింది. ఆయనే కుమారి మామ. దగ్గుతూ, పక్కన ఎవరున్నారో చూడకుండా "పట్టుకో తల్లీ, వదలొద్దు" అని కర్ర మేడమ్ చేతిలో పెట్టి గడప మీద కూర్చున్నాడు.

ఆ కర్ర వదిలితే వీధి పొడుగునా పడుగు కుప్పకూలుతుంది. బీడీఓ మేడమ్ కాళ్ళు తన్నిపట్టి, రెండు చేతులా కర్ర లాగి పట్టుకుని నిలబడింది. డ్రైవరు వచ్చి, కలెక్టరాఫీసు నుంచి ఫోను అన్నాడు. "నా చేతులు ఖాళీగా ఉన్నట్టు కనబడుతున్నాయా?" అన్నది మేడమ్. నేను పట్టుకుంటానని ముందుకు పోయినాను. నలుగురైదుగురు ఒకేసారి వద్దని అరిచినారు. చేతులు మారితే బిగువు తగ్గుతుందట. నాకు పెద్దగా బాధ కలగలేదు.

పడుగు చుట్టడం అయినాక మేడమ్ చేతులు దులుపుకుంది. వీధి అంతా అక్కడే ఉంది. ముసలాయన ఇప్పుడు ఆమె ఎవరో తెలిసి గడప మీద నుంచి లేచి నిలబడినాడు. మేడమ్ తమిళంలో, అందరికీ వినబడేటట్టు చెప్పింది. ఆ వీధికి తమిళం తెలుగంత బాగా వచ్చు.

"వేరే పేరున నిలబడినవాళ్ళకు ఈరోజు హాజరు లేదు. అది కొట్టేస్తాను. ఇకమీద ఎవరు వస్తారో వాళ్ళ పేరు ముందే ఇవ్వాలి. పడుగు రోజు రానివాళ్ళకు రాలేదనే ఉంటుంది, వేరేవాళ్ళను పంపకూడదు. జరిగింది తప్పు." ముసలాయన వైపు తిరిగింది. "దొంగతనం కాదు, గ్రామసభలో చదవాల్సిన పని లేదు. నేను కళ్ళారా చూసినాను. మీ కోడలు మంచి పనిమంతురాలు, పెద్దాయనా. కొంచెం పోట్లాడుతుంది."

ముసలాయన అన్నాడు: "పోట్లాట మా ఇంట్లో నేర్చింది కాదమ్మా. పుట్టింటి నుంచి తెచ్చుకునింది."

కుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. మర్నాడు పొద్దున ఆమె కాలువలో ఉంది.

మేనల్లుడా, ఇది గుర్తుంచుకో. మేడమ్ హాజరు కొట్టేసింది, కుమారి పేరు నిలబెట్టింది. రెండూ ఒకే నోటితో, ఒకే చోట నిలబడి చేసింది. మొదటిది ఒక్కటే చేసే ఆఫీసర్లు చాలామంది. రెండోది ఒక్కటే చేసేవాళ్ళు వచ్చే ఎన్నికల్లో నిలబడతారు.

వ్యాను

ఫ్యాక్టరీకి మనుషులను కుదిర్చే ఏజెంటు ఒకడు కొన్నాళ్ళకు కాలువ గట్టు మీదికే వచ్చినాడు. ఎంప్లాయిమెంటు ఆఫీసుకు పోలేదు. తెల్లవారగానే లేచి ఎండలో పని చేసేవాళ్ళు ఒకేచోట కనబడేది ఇక్కడే అని వాడికి తెలుసు. ఆ తెలివి మా పథకం రాసినవాళ్ళకు కూడా వచ్చి ఉండదు.

"ఎండ లేదు, ఫ్యాను కింద పని," అన్నాడు.

"ఇంటికి ఎప్పుడు దింపుతావు?" ఎస్తేరు అడిగింది.

"షిఫ్టు అయినాక."

"షిఫ్టు ఎప్పుడైతాది?"

"అది... పనిని బట్టి అక్కా."

"అట్లయితే మేము గుంతను బట్టి వస్తాము, పో. ఇది ఎండలో వుండాది గానీ ఇంటికాడ వుండాది."

కుమారి అడిగింది వేరే. "మా వీధిలో పడుగు రోజు సెలవు కావాల. ముందే చెప్తాము."

పడుగంటే ఏమిటో వాడికి తెలియదు. "మీ ఊరికి ఒక రూలు, కంపెనీకి ఒక రూలా?" అని నవ్వి వెళ్ళిపోయినాడు. కుమారి పార ఎత్తుకుంది. చేతిలో పని ఉన్న మనిషి మాత్రమే వద్దు అనగలదు. ఏ పనీ లేని రోజుల్లో అయితే ఆమె వాడి వ్యాను వెనకాల పరిగెత్తి ఉండేది. పది పదిహేను రోజులకు వాడు మళ్ళీ వచ్చినాడు. ఈసారి పొద్దు గుంకకముందే ఇంటికి దింపుతామన్నాడు, ముందే చెబితే సెలవు ఇస్తామన్నాడు. ఎవరూ పరిగెత్తకపోతే కంపెనీ రూళ్ళు కొంచెం మెత్తబడతాయని నాకు అప్పుడే తెలిసింది.

మరి పథకం పని ఇప్పించిందా? అందరికీ కాదు. ఎస్తేరు పోలేదు, ఆమెకు కాలువే చాలు. ముసలివాళ్ళను ఏ వ్యానూ ఎక్కించుకోదు, వాళ్ళకు ఇది తప్ప వేరే పని లేదు. మట్టి తవ్వడం వల్ల ఏ విద్యా రాదనేది నిజమే. నేను చూసింది ఇంతే: ఇంట్లో ఉన్నవాళ్ళు గడప దాటినారు, దాటినవాళ్ళు బేరం ఆడినారు, వాళ్ళు ఇంటికి తిరిగి రావడం ఇంటివాళ్ళు చూసినారు. ఉద్యోగం దొరకడానికి ముందు జరగాల్సినవి చాలావరకు ఇవే. ఇవి ఏ ఆఫీసులోనూ దరఖాస్తు పెట్టుకుంటే దొరికేవి కావు. నా సర్వీసంతా నేను కొలిచింది మట్టే అయినా, ఆ పథకం అంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

రిటైరైన కొన్నాళ్ళకు, ఒక పెళ్ళికి పోతూ ఆ ఊరి మెయిన్ రోడ్డులో బస్సు కోసం నిలబడినాను. కుమారి, నేతవీధి వాళ్ళు మరికొందరు క్యారియర్లతో నిలబడి ఉన్నారు. వాళ్ళ పక్కన ముసలాయన కర్ర ఊతంగా పట్టుకుని ఉన్నాడు. వ్యాను ఆలస్యంగా వచ్చింది. డ్రైవరు తల బయట పెట్టినాడో లేదో, ముసలాయన కర్ర ఎత్తినాడు.

"ఏమయ్యా, ఇదేనా వచ్చే టైము? పనికి పోయే ఆడోళ్ళను రోడ్డు మీద ఇంతసేపు నిలబెడతావా? రేపు నువ్వు ఆలస్యంగా వచ్చినావంటే నీ మేనేజరు ఎవురో నాకు చూపించు, నేను మాట్లాడతాను!"

"మామా, చాల్లే, పోనీ," అన్నది కుమారి, వ్యాను మెట్టు మీద నుంచి.

"నువ్వు ఎక్కమ్మా. వీడి సంగతి నేను చూసుకుంటాను."

డ్రైవరు, చొక్కా చూసి పెద్దమనిషి అనుకున్నాడో ఏమో, కాపాడమన్నట్టు నా వైపు చూసినాడు. నేను రిటైరైనవాణ్ణి. బస్సు వస్తుందేమోనని అటు తిరిగినాను.